కాకి ముట్టిన మాట

బొగ్గుబావిలో పోయిన పోశానికి పెట్టిన పిండాన్ని కాకి ముట్టని సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పదకొండో రోజు వాగొడ్డున మోదుగాకు విస్తట్లో అన్నం, కోడికూర పెట్టి, పక్కన దొప్పలో కల్లు పోసి, రెండు వైపుల చుట్టాలూ ఎండలో నిలబడి ఆకాశంకేసి చూశారు. కాకి జాడ లేదు. "మనిషికి ఏందో మిగిలింది. మాటియ్యుండ్రి, వస్తది" అన్నారు పెద్దలు. పోశం తల్లిని కడదాకా సాకుతామన్నారు కొందరు. పోశం భార్య నాగవ్వ తమ్ముడు కొండల్ ముందుకొచ్చి, "బావా, అక్కను కండ్లల్ల వెట్టుకోని సూసుకుంట" అని భోరుమన్నాడు. అయినా కాకి రాలేదు. చివరికి నాగవ్వే విస్తరి ముందు కూలబడి, "నీ నిద్ర తీసినోని నిద్ర నేను తీస్త. ఇది నా మాట" అంది. ఎక్కడినుంచి ఊడిపడిందో ఒక కాకి వాలి, మెతుకు ముట్టి, ముక్క అందుకుని పోయింది.

ఆ చుట్టుపక్కల అసలు కాకులే లేవని, కార్మికుల ఇళ్ల లైన్ల నడుమ పెద్ద దీపం వెలిగినప్పటి నుంచి మద్దిచెట్టు మీది కాకులు పొద్దు పొడిచిందనుకుని రాత్రంతా అరిచి అరిచి, విసిగి వాగు అవతలకి కాపురం మార్చాయని దవాఖానా కాంపౌండరు సామ్యూల్ తర్వాత అన్నాడు. నిజమే కావచ్చు. కానీ నాగవ్వ మాట విన్నది కాకి ఒక్కటే కాదు, బొగ్గుబావి లైన్లలోని ఆడవాళ్లంతా విన్నారు. చచ్చినవాడి ముందు, నలుగురి ముందు ఇచ్చిన మాటను ఏ కాంపౌండరు చెప్పినా వెనక్కి తీసుకోవడం కుదరదు.

పోశం పోయింది పొద్దటి షిఫ్టులో. బావిలో బొగ్గు టబ్బులు లాగే తాడు దగ్గర అవి నడిచే పట్టాల మీద కూర్చుని కునికాడు. టబ్బులు వచ్చాయి, అతను లేవలేదు. "పనిలో నిద్రపోయాడు, తప్పు అతనిదే" అని పైవాళ్లు తేల్చి చేతులు దులుపుకున్నారు. అప్పటి నుంచి బావి మీద అతని పేరు 'నిద్రపోతు పోశం'. రెండు వేసవులు కంటి మీద కునుకు లేని మనిషికి ఆ పేరు పెట్టారంటే రాస్తున్న నాకే ఒళ్లు మండుతోంది, కట్టుకున్నదానికి మండదా?

లైన్లంటే రేకుల ఇళ్లు. వేసవి రాత్రి ఆ రేకుల కింద మనిషన్నవాడు పడుకోలేడు. అందరూ మంచాలు బయట వేసుకుంటారు. ఆ మంచాల మీదికి, సమ్మె జరిగిన ఏడు నుంచి, పొద్దుగూకింది మొదలు తెల్లవారే దాకా పెద్ద దీపం కాంతి పడుతోంది. గోనెపట్టా అడ్డం కడితే కావలివాడు వచ్చి పీకేవాడు. ఎవరు మంచం మీద ఉన్నారో, ఎవరు లేచి మీటింగులకు పోయారో కనబడాలని పైనుంచి హుకుం. ఆ హుకుం లైన్లలో అమలు పెట్టిన పెద్దమనిషి కాలనీ సూపర్‌వైజరు లింగమూర్తి. అందుకే నాగవ్వ పగ ఆయన మీదికి మళ్లింది.

అయితే ఆయన రాత్రి నిద్ర ఆమె చేతికి అందేది కాదు. బంగళా చుట్టూ చెట్లు, కిటికీలకు మందపాటి పరదాలు, లోపల బంగారంలాంటి చీకటి. చేతికి అందేది మధ్యాహ్నపు కునుకు ఒక్కటే. లింగమూర్తి అన్నం తిని, పెరటి వసారాలో తడిపిన వట్టివేళ్ల తడక చాటున నడుం వాల్చడం కాలనీ అంతటికీ తెలుసు. ఆ పెరటిగోడకు అవతల నల్లా ఉంది, నల్లా పక్కన పెద్ద రాతిరోలు ఉంది. ఎండాకాలం. ప్రతి ఇంట్లో ఏడాదికి సరిపడా కారం కొట్టుకునే రోజులు. ఇంక చెప్పేదేముంది? వారం నుంచి సరిగ్గా ఆయన కన్ను మూసే వేళకు నాగవ్వ మిరపకాయల మూటతో అక్కడికి చేరుతోంది. వెనకాల యాదవ్వ, ఆమె వెనకాల వాడకట్టు ఆడవాళ్లు, తలా ఒక రోకలి.

అసలు కథ ఇవాళ్టిది.

రోకళ్లు పడటం మొదలై ఎంతోసేపు కాలేదు, పెరటి తలుపు భళ్లున తెరుచుకుంది. లింగమూర్తి బయటికొచ్చాడు. పంచె ఒక పక్కకు జారింది, కళ్లు చింతనిప్పులు. ఏదో అనబోయి వరసగా తుమ్మాడు. ఆడవాళ్లు మర్యాదగా రోకళ్లు ఆపి, ఆయన తుమ్మడం అయ్యేదాకా ఆగారు.

"ఏందిది నాగవ్వా? వారం సంది సూస్తున్న. మీ లైన్ల రోళ్లు లేవా?"

"ఉన్నయి సారూ. గాడ దంచితె రాత్రి షిఫ్టు చేసొచ్చి పండుకున్నోళ్లకు నిద్ర చెడ్తదని ఈడికొస్తున్నం."

"ఈడ నిద్ర చెడదా?"

"నీకు రాత్రంత చీకటే గద సారూ. పగటి నిద్ర గూడ గావాల్నా?"

యాదవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. యాదవ్వ లైన్లలో అందరికంటే పెద్దది, ముగ్గురు కొడుకులను బావిలోకి పంపిన మనిషి. ఆవిడ నోటికి సూపర్‌వైజరయినా ఒకటే, సారాకొట్టు వాడయినా ఒకటే.

"గిది కంపెనీ పాతిచ్చిన రోలే గద సారూ. దంచద్దని పాతిచ్చిండ్రా? రోట్ల తలకాయ వెట్టినంక రోకటి పోటుకు భయపడ్తె ఎట్ల?" అంది.

లింగమూర్తి గోడను పట్టుకుని నిలబడ్డాడు. కోపంగా మొదలుపెట్టిన గొంతు మధ్యలోనే బతిమాలడంలోకి దిగింది. "నాకు బ్లడ్ ప్రెషర్ ఉన్నదమ్మా. కరీంనగర్ల డాక్టర్ సాబ్ జెప్పిండు, మధ్యాహ్నం జర కన్ను మూయాలె అని. మీరు నన్ను సంపుతరా ఏంది?"

నాగవ్వ రోకలి గోడకు ఆనించింది. చేతుల కారం కొంగుకు తుడుచుకుని ఆయన ఎదుటికి వచ్చి నిలబడింది. ఈ క్షణం కోసమే ఆమె మండుటెండలో వారం రోజులు దంచింది.

"నిద్ర లేకపోతె ఏమైతది సారూ?"

"ఏమైతదేంది?"

"చదువుకున్నోనివి, జెప్పు. మాకు తెల్వదు. ఏమైతది?"

అది ఉరి అని ఆయనకు తెలియలేదు. నిద్ర చాలని మనిషికి ఎదుటివాడి మాటలో ఎత్తు ఎక్కడుందో కనిపించదు. పైగా తన బాధ ఎవరో అడిగారన్న ఊరట. "తలకాయ గిర్రున తిరుగుతుంది. చేతులు వణుకుతున్నయి, సూడు. నిన్న ఆఫీసుల సంతకం వెడ్దామంటె నా పేరే నాకు యాదికి రాలే. ఉత్తపుణ్యానికి ఇంట్ల పిల్లల మీద చెయ్యి లేస్తుంది. కుర్సీల కూసుంటె చాలు, మెడ వాలిపోతుంది. ఎవలన్న పిలిచినా ఇనవడ్తలే" అని చెప్పుకుపోయాడు.

"ఇనవడ్తలే?"

"ఇనవడ్తలే."

"టబ్బుల సప్పుడు గూడ ఇనవడదా సారూ?"

నల్లా కింద బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ కట్టలేదు.

"నీకు వారమే అయింది. అది గూడ పగటి కునుకు. నా పెనిమిటికి రెండేండ్లు. ముఖం మీద గుడ్డ కప్పుకుంటె ఊపిరాడకపోయేది, తీస్తె కండ్లల్ల ఎల్తురు పడేది. అన్నంల రెండు మాట్ల ఉప్పేసుకునేటోడు. ఏ వారమో అడిగేటోడు. చెయ్యెత్తని మనిషి నా మీద చెయ్యెత్తి, మళ్ల తనే కూసోని ఏడ్చేటోడు. దవాఖానకు పోతె సామ్యూల్ సారు గోలీలియ్యలే. 'పోశం, నీకు మందు లేదు, చీకటే మందు' అన్నడు. మందు గోనెపట్టంత గూడ లేదా సారూ? అది గూడ గుంజేపిస్తివి. ఇప్పుడు చెప్పు, పోశం నిద్రపోతు మనిషా?"

"నా కోడి నడిజామునే కూస్తుంది. పన్నెండేండ్ల నా మనుమరాలు పక్క తడుపుతుంది" అని యాదవ్వ మొదలుపెట్టింది గానీ నాగవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. ఈ పగలో ఆమె ఎవరికీ వాటా ఇవ్వదలచుకోలేదు.

మూలకు నెడితే పిల్లి కూడా తిరగబడుతుంది. లింగమూర్తి పంచె సర్దుకున్నాడు, గొంతు పెంచాడు. "దీపం నేను తెచ్చిన్నా? యాదవ్వ కోడల్ను వాగు తొవ్వల కట్లపాము కరిస్తె, దీపం గావాలె అని ఆఫీసుకు అచ్చి దండం పెట్టిందెవలు? నీ మొగడు పోశమే. దీపం వచ్చిన్నాడు స్తంభానికి పసుపు రాసి, కుంకుమ వెట్టి, మావిడాకు గట్టిందెవలు? నువ్వే గద. నేను కండ్లార సూసిన."

అది నిజం. నాగవ్వ ఆ స్తంభానికి బొట్టు పెట్టింది. అప్పుడు దీపం మొహం వాగు దారి వైపు ఉండేది. చీకట్లో బయటికి పోయే ఆడపిల్లలకు అది దేవుడిలా కనబడింది. దేవుడని మొక్కినందుకు తర్వాత తల బాదుకోని ఆడది లైన్లలో లేదు.

"మేమడిగింది తొవ్వకు. మొక్కింది తొవ్వకు పెట్టిన దీపానికి. దాని మెడ మా మంచాల దిక్కు తిప్పిందెవలు?"

"తిప్పుమన్న. అవును, నేనే అన్న. పైనుంచి నాకు హుకుమొచ్చింది, నేను మాటన్న." ఆయన గొంతులో ఇప్పుడు విషం వంటిదేదో చేరింది. "కానీ స్తంభం నేనెక్కలే. కరెంటు తీగలోళ్లంత సమ్మెల ఉన్నరు. నిచ్చెన గూడ వాళ్లే ఎత్కపోయిండ్రు. తిప్పెటోడు లేడు గద అని నేను ఊకున్న. మరి ఎక్కిందెవలు? పై ఊరోడా? కాదమ్మా. మీ లైనోడు. మీ లైన్లనే పంటుండు, మీ బువ్వనే తింటుండు. పోయి వాని నిద్ర తియ్యి."

ఆడవాళ్లలో కలకలం లేచింది. "పేరు జెప్పు" అంది యాదవ్వ, రోకలి నేలకు తాటించి.

"జెప్ప. జెప్పనని వానికి మాటిచ్చిన." అనేసి, మాట మీద నిలబడే మనిషిలా తల ఎగరేశాడు లింగమూర్తి. "మాట మీకొక్కలకేనా? పోయి స్తంభాన్నే అడుగుండ్రి."

పెరటి తలుపు మూసుకుంది. నాగవ్వ రోకలి అక్కడే వదిలేసి లైన్ల వైపు నడిచింది. ఆడవాళ్లు కారం మూటలు కట్టుకునే తొందరలో వెనకబడ్డారు.

ఆ దీపాన్ని రాత్రి ఎవరూ తలెత్తి చూడలేరు, పగలు ఎవరికీ చూసే పని ఉండదు. అందుకే రెండేళ్లుగా కళ్లెదుట నిలబడి ఉన్న స్తంభాన్ని నాగవ్వ మొదటిసారి చూస్తున్నట్టుగా చూసింది. తారు పూసిన టేకు మాను. కింద, చెయ్యి అందేంత మేర, తను రాసిన పసుపు ఇంకా మరకగా ఉంది. దాని పైనుంచి గీతలు మొదలయ్యాయి.

పాఠకులకు ఇక్కడ ఒక సంగతి మనవి చేయాలి. నాగవ్వ లక్సెట్టిపేట దగ్గర ఊళ్లో గౌండ్లవాళ్ల బిడ్డ. ఆమె తండ్రి తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టే మోకు లేనిదే గౌండ్లవాడు చెట్టెక్కడు. ఒకసారి ఆ మోకు తెగబోతే కొత్తది పేనుకునే ఓపిక లేక, ఆయన ఎద్దు మెడకు కట్టే పట్టెడ తోలు ముక్క ఒకటి అతికి రెండు పెద్ద మేకులు దిగ్గొట్టాడు. మోకు పైకి విసిరినప్పుడల్లా ఆ మేకుల తలలు మాను మీద గీసుకుని పక్కపక్కనే జంట గీతలు పడేవి. చిన్నప్పుడు నాగవ్వా, కొండలూ తాటివనంలో ఆ గీతలు చూసి, "ఇది మా బాపు ఎక్కే చెట్టు, అది మా బాపు ఎక్కే చెట్టు" అని పందేలు కట్టుకునేవాళ్లు. లోకంలో ఇంకే గౌండ్లవాడి మోకుకూ ఆ మేకులు లేవు. ఆ మోకు ఇప్పుడు అక్క ఇంట్లోనే ఉండే కొండల్ దగ్గర ఉంది.

తారు మీద, కింది నుంచి దీపం మెడ దాకా, అవే జంట గీతలు.

నాగవ్వ ఒక గీత మీద వేలు పెట్టి చూసింది. గీతలో దుమ్ము నిండింది. ఆమెకు ముందు ఏడుపు రాలేదు, బెల్లం గుర్తొచ్చింది. సమ్మె ముగిసిన కొద్దిరోజులకే, బావి పైన తట్టలు మోసే కొండల్‌కు కరెంటు ఖలాసీ పని దొరికింది. పోశం మంచితనం చూసి ఇచ్చారని నాగవ్వ మురిసి, తమ్ముడికి పెళ్లి సంబంధాలు వస్తాయని మురిసి, లైనంతా బెల్లం పంచింది. లింగమూర్తి ఇంటికీ తీసుకుపోయి ఇచ్చింది. ఆయన నవ్వి తీసుకున్నాడు. ఆ నవ్వుకు అర్థం ఇవాళ తెలిసింది.

ఇంకొకటీ గుర్తొచ్చింది. కొండల్ తన మంచం ఎప్పుడూ ముందు వాకిట్లో వెయ్యలేదు. వెనక గోడ నీడలో, చీకట్లో వేసుకునేవాడు. అక్కాబావలకు చాటు ఇస్తున్నాడని, పిల్లగాడికి ఎంత మర్యాద తెలుసునని ఆమె పోశంతో చెప్పుకుని పొంగిపోయేది. పోశం ఏమీ అనకుండా ముఖం మీద గుడ్డ లాక్కునేవాడు.

లింగమూర్తి మీద పగలో ఒక సుఖం ఉండేది. అది రోకలి పోటులా దిగబడి మళ్లీ లేచేది. ఇది అలా లేదు. ఇది ఎత్తుకుని పెంచిన చేతులనే కాలుస్తోంది. తల్లి పోయాక అన్నం కలిపి పెట్టింది ఈ చేతులతోనే. అయినా మాట మాటే. ఎవడి నిద్ర అని పేరు పెట్టి ఇచ్చిన మాట కాదది. నిద్ర తీసినవాడెవడైనా వాడికే తగలాలి.

ఇంట్లోకి వచ్చి తలుపు గొళ్లెం పెట్టింది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన కొండల్ కిటికీకి తడి గోనెపట్టా కట్టుకుని, కళ్ల మీద తువ్వాల వేసుకుని, వెల్లకిలా పడుకుని గుర్రు పెడుతున్నాడు. పగలు గోనెపట్టా కట్టుకుంటే పీకే కావలివాడు లేడు. బావ చచ్చిన ఇంట్లో అంత గాఢంగా ఎలా పడుతోంది వీడికి నిద్ర అని ఆమె ఒక్క నిమిషం నిలబడి చూసింది.

తర్వాత గోనెపట్టాను ఒక్క గుంజు గుంజింది. మిట్టమధ్యాహ్నపు ఎండ వచ్చి అతని ముఖం మీద పడింది. తువ్వాల తీసి అవతల పారేసింది.

కొండల్ కళ్లు తెరవకుండానే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అక్కా, జర కిటికీ ముయ్యవే. కండ్లల్ల ఎల్తురు పడ్తుంది."

ఆ ఎల్తురు మాట ప్రతి రాత్రీ పోశం అన్నదే. అక్షరం తేడా లేదు.

నాగవ్వ చిలక్కొయ్యకు వేలాడుతున్న మోకు తీసి అతని రొమ్ము మీద పడేసింది. బరువుకు కొండల్ ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. ముందు మోకును చూశాడు, తర్వాత అక్కను. అతని వేళ్లు వాటంతటవే పోయి మేకుల తలలను తడిమాయి. వాటి సందున తారు ఇంకా నల్లగా అంటుకునే ఉంది.

"బాపు మోకు" అంది నాగవ్వ. "ఏ చెట్టెక్కినవురా దీనితోని?"

అతను అబద్ధం ఆడతాడని ఆమె అనుకుంది. ఆడితే బాగుండునని కూడా అనుకుంది. కొండల్ లేచి కూర్చుని, ఎండకు కళ్లు చికిలించి, తల వంచుకున్నాడు.

"బావకు ఎరికే అక్కా."

"ఏంది?"

"నేనెక్కిన్నని బావకు ఎరికే. మొదటి రాత్రే సూసిండు. నీకు జెప్పద్దని నాతోని ఒట్టేపిచ్చుకున్నడు."

తెలిసీ రెండేళ్లు ఆ కాంతి కింద పడుకున్నాడా పోశం? ఎవరి కోసం? మరి వాగొడ్డున ఆ కాకి ఏ మాటకు వాలినట్టు?

అప్పుడే బయట అడుగుల చప్పుడు, నేలకు రోకళ్లు ఆనిన చప్పుడు. యాదవ్వ రోకలి మొనతో తలుపు మీద తట్టింది.

"నాగవ్వా, స్తంభం కాడికి పోయినవట గదనే. ఎక్కినోడు ఎవలో తెలిసిందా? పేరు జెప్పు బిడ్డా, అందరం ఈన్నే ఉన్నం."

కొండల్ మోకును రెండు చేతులా పట్టుకుని అక్క ముఖంలోకి చూశాడు. నాగవ్వ వెళ్లి తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసింది.